లైసెన్సు ఎవరి రక్షణకు?

తూనికరాయిపై ప్రభుత్వముద్ర యున్నచో కొనువాడు నిశ్చింతగా సరుకు పుచ్చుకొనును. ఐనను ఆ ముద్ర రాయికి సాక్ష్యమే కాని, త్రాసు పట్టిన చేతికి కాదు. ఈ భేదము వర్తకులకు క్రొత్త కాదు. సూదులతో చేయు ఆక్యుపంక్చర్ చికిత్సలోను ఇదే ప్రశ్న పుట్టును. లైసెన్సు పొందినవాడు నిజముగా పొందినదేమి?

ఈ చైనా విద్య మన దేశమునకు వచ్చిన దారి స్మరింపదగినది. 1938లో చైనాకు వెళ్లిన ఐదుగురు భారతీయ వైద్యులలో డాక్టరు ద్వారకానాథ కోట్నీసు ఒకరు. తెలుగువారు చిరకాలముగా స్థిరపడిన షోలాపూరే ఆయన స్వస్థలము. ఆయన 1942లో చైనాలోనే కన్నుమూసిరి. సహచరుడైన డాక్టరు బసు మరల అచటికి పోయి ఈ విద్య నేర్చి, 1959లో కలకత్తాలో ప్రవేశపెట్టిరి. తరువాత పశ్చిమ బెంగాలులో 1996 నాటి చట్టము, మహారాష్ట్రలో 2015 నాటి చట్టము ఈ వృత్తికి కట్టుబాట్లు ఏర్పరచినవి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 1975లోనే లైసెన్సు పద్ధతికి చట్టము చేసినది. అచట అభ్యర్థి కనీసము 3,000 గంటల శిక్షణ పొందవలెను. అందు 950 గంటలు రోగుల చికిత్సలో గడపవలెను. ఆపై పరీక్ష.

ఇంత కట్టుదిట్టమేల? సూది సన్ననిదే. కాని శుద్ధి చేయని సూది ఒకరి రక్తములోని కామెర్లవ్యాధిని మరొకరికి చేర్చగలదు. రొమ్ముపై లోతుగా దిగిన సూది ఊపిరితిత్తిని గ్రుచ్చవచ్చును. రోగి వీనిని ముందుగా పరీక్షించుకొనలేడు. నాసిసరుకును మరునాడు తిరిగి ఈయవచ్చును. చెడిన దేహమును ఎవరికి తిరిగి ఈయగలడు? కావున లైసెన్సు చికిత్సకుని గౌరవార్థము కాదు, రోగి రక్షణార్థము.

గురువు నేర్పిన చేతివాటము చాలదా, శుల్కములతో పేదవానిని ఆపనేల యని కొందరందురు. ఇందు న్యాయము లేకపోలేదు. పల్లెలో చికిత్సకుని నడత ఊరెల్ల ఎరుగును. పట్టణములో గుమ్మమెక్కిన రోగికి ఆ ఎరుక లేదు. ఆ లోటును లైసెన్సు కొంత తీర్చును.

కొంతయే! నొప్పుల ఉపశమనమునకు ఈ చికిత్స తోడ్పడుననుటకు కొంత ఆధారము గలదు. చక్కెరవ్యాధి, క్యాన్సరు మానునని మాట యిచ్చుటకు ఆధారము లేదు. ఒక వృద్ధుడు గుండెలో నొప్పియని వచ్చి, సూదులు వేయుమని రొక్కము ముందుంచెననుకొందము. “అయ్యా, ఇది నా చేతిలోనిది కాదు, వెంటనే ఆసుపత్రికి పొండు” అనినచో ఆ రొక్కము పోవును. అనకున్నచో ప్రాణమే పోవచ్చును. ఆ క్షణమున గదిలో పరీక్షాధికారి ఉండడు, ఉన్నది చికిత్సకుడే.

తమ బిడ్డలను ఈ వృత్తికి పంపదలచినవారు శుల్కమెంత, గడువెంత యని విచారించుట సహజము. రాబడి పోయినను, చేతకానిదానిని చేతకాదనగల ధైర్యము బిడ్డకు అలవడినదా యనియు విచారింపవలెను. మొదటిదానికి ప్రభుత్వము పత్రమిచ్చును. రెండవదానిని ఇంటనే నేర్పవలెను.