సంచిలేని వార్తాహరులు

ధ్యానభాగము: లూకా 10:1-20



మన దినములలో కొందరు యౌవనస్థులు ఒక క్రొత్త విధమైన యాత్రకు బయలుదేరుచున్నారు. వారు వర్తకమునకు పోవుట లేదు. వింతలు చూచుటకును పోవుట లేదు. దేవుడు భూమిమీద ఉంచిన నీరు, గాలి, చెట్టు, నూనె, బొగ్గు మొదలగువాటిని మితముగా వాడుకొనవలెననియు, రాబోవు తరములవారి పాలును మనమే తినివేయరాదనియు ఊరూర చెప్పుటకై స్నేహితులు గుంపుగా కూడి దేశము ఈ కొననుండి ఆ కొనకు ప్రయాణము చేయుచున్నారు. ఇట్టి బ్రదుకునకు నేడు సుస్థిర జీవనమని పేరు. పేరు క్రొత్తదే గాని భావము చాల పాతది. దేవుడు ఆదామును తోటలో ఉంచినప్పుడు దానిని సేద్యపరచు పని మాత్రమే గాక దానిని కాయు పనియు అతనికి అప్పగించెను (ఆదికాండము 2:15).

అయితే ఈ యాత్రలలో ఒక చిక్కు ప్రశ్న యున్నది. మితముగా వాడుడని చెప్పుటకు వేలకొలది మైళ్లు బండి నడుపుట న్యాయమేనా? నడిచిన ప్రతి మైలుకును ఏదో ఒకటి ఖర్చగును గదా. పొగ తగ్గించుడని చెప్పవచ్చినవాని బండి వెనుక పొగ కనబడినయెడల వినువారు నవ్వరా? శ్రీరంగ నీతులు చెప్పువారు మనకు క్రొత్తవారు కారు. ఈ ప్రశ్న ఆ యౌవనస్థులకు మాత్రమే చెందినది కాదు. ఏ మంచి మాటనైనను ఇతరులకు చెప్పబోవు ప్రతివానికిని, విశేషముగా సువార్తను చేతపట్టుకొనిన సంఘమునకును ఇది చెందినది. కావున నిజముగా జరిగిన రెండు యాత్రలను ఎదుట ఉంచుకొని, ప్రభువు వాక్యపు వెలుగులో దీనిని ఆలోచింతము.

మొదటిది అమెరికా దేశములోనిది. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమందలి డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులు కొందరు 2005లో ఒక పాత బడి బస్సును సంపాదించి, వాడిన వంటనూనెతో నడుచునట్లు దానిని మార్చి, వేసవి సెలవులలో దేశమంతట తిరిగిరి. తరువాతి వేసవులలో వేరు విద్యార్థులు ఆ పనిని కొనసాగించిరి. హోటళ్లలో వేపుళ్లు చేసిన పిమ్మట పారవేయు నూనెయే వారి బండికి ఆహారము. ఇది గారడీ కాదు. 1900లో పారిస్ నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనములోనే ఒక డీజిల్ ఇంజను వేరుశెనగ నూనెతో నడిచెను. అయితే వంటనూనె డీజిలుకంటె చిక్కనిది. దానిని వడపోసి, మాడిన తునుకలు తీసివేసి, వేడిచేసి పలుచన చేసినగాని ఇంజను దానిని పుచ్చుకొనదు. అందుచేత ఇట్టి బండ్లను సాధారణముగా డీజిలుతోనే మొదలుపెట్టి, ఇంజను వేడెక్కిన తరువాత నూనెకు మార్చుదురు. ఆపుటకు ముందు మరల డీజిలుకు మార్చి గొట్టములను శుభ్రపరచుదురు.

రెండవది మన దేశములోనే జరిగినది. 2009 జనవరి ఆరంభమున ఇద్దరు అమెరికా యువతులు మన దేశపు యువజనులతో కలిసి చెన్నై నుండి బయలుదేరి, దాదాపు 3,400 కిలోమీటర్లు నడచి, ఫిబ్రవరి మొదటి వారములో ఢిల్లీ చేరిరి. బెంగుళూరులో తయారైన రేవా అను చిన్న విద్యుత్ కార్లు మూడు వారికి ఉండెను. వాటి పైకప్పులమీద సూర్యరశ్మిని విద్యుత్తుగా మార్చు పలకలు అమర్చబడెను. సామానుల లారీ కానుగ నూనెతోను అడవి ఆముదపు నూనెతోను నడిచెను. మన పొలముల గట్లమీద పెరుగు కానుగను ఎరుగని రైతు లేడు. మన పెద్దల కాలములో ఆ నూనె దీపములలో వెలిగెను. సూర్యశక్తితో వాద్యములు వాయించు ఒక బృందము కూడ వారి వెంట వచ్చెను. 15 పట్టణములలోను అనేక గ్రామములలోను వారు ఆగి విద్యార్థులతో మాటలాడిరి.

ఇప్పుడు మొదటి ఆక్షేపణను చూతము. ఈ యౌవనస్థులు వేషధారులా? నూనె బస్సును కదలించుటకు డీజిలు కావలసివచ్చెను. 2009లో మన దేశపు విద్యుత్తులో అధికభాగము బొగ్గును మండించుట వలననే వచ్చుచుండెను. కావున గోడలోని ప్లగ్గునకు తగిలించిన కారు వెనుక పొగ లేకపోయినను, ఎక్కడో దూరమున ఒక పొగగొట్టము వారి నిమిత్తము పొగ విడిచెను. ఈ మాట నిజము. దీనిని కప్పిపుచ్చనవసరము లేదు.

అయితే పౌలు ప్రయాణములను జ్ఞాపకము చేసికొందము. రోమాకు పోవునప్పుడు ఆయన ఎక్కిన ఓడ అలెక్సంద్రియ పట్టణపు ఓడ. దానిలో గోధుమలుండెను (అపొస్తలుల కార్యములు 27:6, 38). అది పగిలిపోయిన తరువాత ఎక్కిన ఓడకు అన్యదేవతల చిహ్నముండెను (28:11). ఖైదీయైన ఆయనకు ఓడను కోరుకొను అవకాశము లేదు, నిజమే. అయినను అట్టి ఓడలోనుండియే ఆయన తోటివారికి ధైర్యము చెప్పెను, అట్టి ఓడ దిగియే రోమాలో సువార్త ప్రకటించెను. మచ్చలేని ఓడ దొరకువరకు నోరు తెరువననలేదు. మనము బ్రదుకు లోకము ఇట్టిది. పూర్తిగా శుద్ధమైన బండి ఎవరికిని దొరకదు. అట్టి బండికై కాచుకొని ఇంట కూర్చుండువాడు నిర్దోషి యగునా? తలాంతును భూమిలో పాతిపెట్టినవాడును దానిని పాడుచేయలేదు గాని యజమానుడు అతనిని మెచ్చుకొనలేదు (మత్తయి 25).

మరి వేషధారణ అనగానేమి? కొరత కలిగియుండుట వేషధారణ కాదు. కొరతను దాచిపెట్టుట వేషధారణ. శాస్త్రులును పరిసయ్యులును మోయశక్యము కాని బరువులను ఇతరుల భుజములమీద పెట్టి, తాము వ్రేలితోనైన కదలింపరని ప్రభువు వారిని గద్దించెను (మత్తయి 23:4). "మా బస్సు డీజిలుతోనే మొదలగును, ఈ దారిలో ఇంత ఖర్చయినది" అని లెక్క విప్పి చెప్పువాడు ఆ గుంపులోనివాడు కాడు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు చూచుకొనవలెనని ప్రభువు చెప్పెను (లూకా 14:28). యాత్రకు పోవువాడును ఆలాగే చూచుకొనవలెను. ఉత్తరముతో జరుగు పనికి బండి కట్టనక్కర లేదు. పౌలు పోలేని చోట్లకు పత్రికలు వ్రాసెను, అవి నేటికిని పని చేయుచున్నవి గదా.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె కఠినమైనది. 2009 నాటికి తలకు లెక్క చూచినచో, ఒక అమెరికా దేశస్థుని వలన గాలిలో కలియు బొగ్గుపులుసు వాయువు మన దేశస్థుని వలన కలియుదానికి పదిరెట్లకు పైబడి యుండెను. అట్టి దేశమునుండి వచ్చినవారు మనకు మితము నేర్పుటయా? ఒక్క దీపముతో సంసారము గడుపు తల్లికి పొదుపు పాఠమా? ఇది మన దేశములోను ఉన్న మాటయే. పట్టణములో చల్లని గదులలో నివసించువాడు పల్లెకు వచ్చి కట్టెపొయ్యి తప్పని చెప్పినయెడల, ఆ యిల్లాలి మనస్సులో ఏమి మెదలును? మందలు గల ధనవంతుడు బీదవాని ఒక్క గొఱ్ఱెపిల్లను పట్టుకొనిన కథను నాతాను దావీదునకు చెప్పెను (2 సమూయేలు 12). ఎవనికి మందలున్నవో వానితో ముందు మాటలాడవలెనని ఆ కథ నేర్పుచున్నది.

దీనికి ఉత్తరము మన ధ్యానభాగములోనే దొరకుచున్నది. ప్రభువు 70 మందిని ఇద్దరిద్దరినిగా పంపినప్పుడు వారికి ఏమి ఇచ్చెను? సంచి ఇయ్యలేదు, జాలె ఇయ్యలేదు, చెప్పులును ఇయ్యలేదు. ఇది కేవలము బీదరికపు పరీక్ష కాదు. చేత సంచి లేనివాడు సాయంకాలమునకు ఎవరి తలుపైనను తట్టక తప్పదు. వారు పెట్టినది తినక తప్పదు. బోధించ వచ్చినవాడే మొదట అడుగువాడు కావలెను; ఇయ్య వచ్చినవాడే మొదట పుచ్చుకొనువాడు కావలెను. ప్రభువు తానును ఈ నియమమునకు లోబడెను. జీవజలమునిచ్చువాడు యాకోబు బావియొద్ద అలసి కూర్చుండి, సమరయ స్త్రీని దాహమునకు నీళ్లడిగెను (యోహాను 4:7). ఆ అడుగుటచేతనే ఆమె ఆయనతో మాటలాడ సాహసించెను. ఏలీయాయు సారెపతు విధవరాలియొద్దకు నిండుచేతులతో పోలేదు. నీళ్లును రొట్టెయు అడిగి పోయెను (1 రాజులు 17).

ఇప్పుడు ఆ రెండు యాత్రలను మరల చూడుడి. పెద్ద పెట్రోలు ట్యాంకు గల బండిలో పోవువాడు ఊరి మధ్యగా దుమ్ము లేపి పోవచ్చును. అతనికి ఎవరితోను పని లేదు. నూనె బస్సువారు ఆలాగు పోలేరు. హోటలు వెనుక తలుపునొద్ద నిలిచి, "అయ్యా, మీరు పారవేయు నూనె మాకు ఇచ్చెదరా?" అని అడుగవలెను. విద్యుత్ కారు ఒకసారి విద్యుత్తు ఎక్కించుకొనిన తరువాత దాదాపు 145 కిలోమీటర్లు పోవునది. అటుపిమ్మట బ్యాటరీ నిండుటకు 6 గంటలు పట్టును. 6 గంటలు ఒకచోట ఉండవలసినవాడు అచ్చటివారి పేరు అడుగును, వారి నీళ్లు త్రాగును, వారి కష్టము వినును. బండికి లోపమని మనము తలంచునదే సందేశమునకు ద్వారమగుచున్నది. తనకు ఎవరి సహాయమును అక్కరలేనట్లు వచ్చి, మీ అక్కరలు తగ్గించుకొనుడని చెప్పువాని మాట ఎవరి చెవికిని ఎక్కదు. తక్కువతో బ్రదుకుమని చెప్పువాడు ముందు మన యింటి గడపను అక్కరగొని రావలెను.

మరియొక సంగతి. చెన్నై నుండి బయలుదేరినవారు బోధించుట మాత్రమే చేయలేదు. ఈ దేశస్థులే కనిపెట్టిన మంచి ఉపాయములను దారిలో చూచి, 20 చిన్న చిత్రములుగా తీసికొని ఇతరులకు చూపిరి. యెరూషలేము సంఘము బర్నబాను అంతియొకయకు పంపినప్పుడు, అతడు అచ్చట దేవుని కృప అంతకుముందే పని చేయుచుండుట చూచి సంతోషించెను (అపొస్తలుల కార్యములు 11:23). మంచి వార్తాహరుని గురుతు ఇదే. తాను వచ్చువరకు అచ్చట చీకటియే యుండెనని అతడు తలంపడు. చిరిగిన చీరను బొంతగా కుట్టుకొను మన అవ్వయొద్దను, పేడను ఎరువుగా మార్చు రైతునొద్దను నేర్చుకొనిన తరువాతనే అతడు నోరు తెరచును.

ప్రియులారా, మన సంఘ యువజనులును సెలవులలో గ్రామములకు పోవుదురు. పోవుట మంచిదే. అయితే ఎట్లు పోవుచున్నాము? ఫ్లెక్సీలు, మైకులు, జనరేటరు, ప్లాస్టిక్ గ్లాసుల మూటలు, నీళ్ల సీసాల పెట్టెలు సమస్తమును వెంట తీసికొనిపోయి, ఆ ఊరివారి చేతి నీళ్లైనను ముట్టక, సాయంకాలమునకు చెత్తను అచ్చట విడిచి తిరిగి వచ్చినయెడల, మనము చెప్పిన ప్రేమను వారు ఎట్లు నమ్ముదురు? ఆ ఊరి మోదుగాకు విస్తరిలో వారు పెట్టిన అన్నము తిని, వారి అరుగుమీద పండుకొనిన బృందము ఒక్క ప్రసంగమే చేసినను ఎక్కువ చెప్పును. అయితే బీదవారికి భారము కాకూడదు సుమా. పౌలు రాత్రింబగళ్లు కష్టము చేసి జీవనము గడుపుకొనెను (1 థెస్సలొనీకయులకు 2:9). ఒక పూట వారి పొలములో కలుపు తీసి ఆ మీదట వారి అన్నము తినుటలో సిగ్గు లేదు.

ఇంట ఉండువారికిని ఇందు పాలు కలదు. సత్యము కొరకు బయలుదేరినవారిని చేర్చుకొనువారు ఆ పనిలో జతవారని యోహాను వ్రాసెను (3 యోహాను 8). వాడిన నూనెను దాచి యిచ్చిన వంటవాడు, తన గోడలోని ప్లగ్గును చూపిన గృహస్థుడు, గిన్నెడు చన్నీళ్లిచ్చిన వృద్ధురాలు, వీరందరును ఆ యాత్రలో నడిచినవారే.

కడపట ఒక మాట. ఆ 70 మంది సంతోషముతో తిరిగి వచ్చి తాము చేసిన కార్యములను చెప్పుకొనిరి. ప్రభువు వారి సంతోషమును మరియొక తట్టు త్రిప్పెను. చేసిన కార్యములను బట్టి గాక, తమ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నందున సంతోషింపుమనెను. నడిచిన మైళ్లను, తీసిన ఫోటోలను, కూడిన జనమును లెక్కించుకొని తృప్తినొందుట సులభము. ఇతరులకు ప్రకటించిన తరువాత తాను భ్రష్టుడు కాకుండునట్లు పౌలు తన శరీరమును లోపరచుకొనెను (1 కొరింథీయులకు 9:27). యాత్ర ముగించి ఇంటికి వచ్చిన యౌవనుడు కుళాయి విప్పునప్పుడును, దీపము ఆర్పునప్పుడును, అన్నము పారవేయబోవునప్పుడును ఎట్లు నడచుకొనునో, అచ్చటనే అతని ప్రసంగపు కడపటి భాగమున్నది. దానిని వినువారు కొద్దిమందియే; వారు అతని ఇంటివారు.

సమస్త భూమికి యజమానుడవైన ప్రభువా, నీ తోటను కాయుటకు బయలుదేరు మా బిడ్డలకు సంచిలేని ధైర్యమును, అడుగుటకు తగ్గింపును, వినుటకు చెవిని దయచేయుము. తలుపు తట్టినవారిని చేర్చుకొను హృదయమును మాకిమ్ము. ఆమేన్.