నీ పేరు గురించి, సింహాద్రీ

చిరంజీవి సింహాద్రి అప్పన్నకు,

తాత దీవించి రాసేది. నీకు పదిహేనేళ్లు నిండాయనీ, సింగపూర్‌లో ఐసీ అనే గుర్తింపు కార్డు తీసుకోవాలనీ, దాని మీద ఈ పేరు ఉండటం నీకు ఇష్టం లేదనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. బళ్లో పిల్లలు నీ పేరు సాగదీసి పిలిచి నవ్వుతున్నారట. పేరు మార్చే డీడ్ పోల్ పత్రం రాయించి పొట్టి పేరు పెట్టించమన్నావట. నిన్ను కోప్పడటానికి రాయడం లేదు నాయనా. వదులుకునేది ఏమిటో తెలిసి వదులుకోవాలి, అంతే.

సింహాద్రి అంటే మన విశాఖ పక్కనున్న సింహాచలం కొండ. దాని మీద కొలువైన వరాహ లక్ష్మీనరసింహస్వామినే మన ఊళ్లవాళ్లు చనువుగా అప్పన్న అంటారు. ఆ గుళ్లో 1098 నాటి శాసనం ఉంది. 1516లో శ్రీకృష్ణదేవరాయలు వచ్చి కానుకలు ఇచ్చి వెళ్లాడు. అంత పెద్ద దేవుణ్ణి ఇంట్లో పెద్దన్నను పిలిచినట్టు పిలుచుకోవడం మనవాళ్లకే చెల్లింది.

ఏడాది పొడుగునా స్వామి చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియనాడు ఆ పూత ఒలిచి ఒక్కరోజు నిజరూపం చూపిస్తారు. మళ్లీ నాలుగు విడతల్లో, విడతకు మూడు మణుగుల చొప్పున చందనం పూస్తారు. చివరి విడత ఆషాఢ పౌర్ణమికి. గిరిప్రదక్షిణ కూడా అప్పుడే. కొండ కింద తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే హనుమంతవాక, మాధవధార, గోపాలపట్నం మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. ఒక ఏడు వానలో నా ముందు ఒక ముసలమ్మ నడిచింది. కాళ్లకు చెప్పుల్లేవు, మడమలు పగిలి ఉన్నాయి. భుజాన నిద్రపోతున్న మనవడు. ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నప్పుడల్లా "అప్పన్నా" అనుకునేది. పిల్లాడి పేరేమిటని అడిగాను. "ఇంకేటి బాబూ, అప్పన్నే" అంది.

ఆ గుళ్లో కప్పస్తంభం ఉంది. బిడ్డలు కావాలనుకునేవాళ్లు దాన్ని కౌగిలించుకుని మొక్కుకుంటారు. పెళ్లయిన చాన్నాళ్లకు మీ అమ్మ కూడా మొక్కుకుంది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. నీ పేరు అక్కడ పుట్టింది, నువ్వు ఆ తర్వాత పుట్టావు.

మా కాలంలో ఈ వైపు ఏ ఊరికి వెళ్లినా అప్పలస్వామి, అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనర్సమ్మ తప్పనిసరిగా ఉండేవారు. సింహాచలం అన్న పేరైతే మగవాళ్లకూ ఆడవాళ్లకూ కూడా. రైతు, జాలరి, నేతపనివాడు, బడిపంతులు, అందరికీ అదే దేవుడి పేరు. తర్వాత సినిమాల్లో నాటకాల్లో ఇంటి నౌకరుకూ అమాయకుడికీ అప్పలసామి అని పెట్టి నవ్వించడం మొదలైంది. అది చూసి చదువుకున్నవాళ్లు ఆ పేర్లు మానేశారు. నాకు బాధ కలిగించేది ఇదే. కష్టం చేసుకుని బతికేవాడి పేరు అయినంత మాత్రాన అది నవ్వులాటకు పనికొచ్చే పేరు ఎలా అయింది? 2003లో జూనియర్ ఎన్టీఆర్ సినిమాకు 'సింహాద్రి' అని పెడితే థియేటర్లు దద్దరిల్లాయి. పేరు అదే కదా.

మన జిల్లాల నుంచి వందేళ్లకు పైగా కిందటే మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, నీకు పక్కనే అప్పట్లో మలయా అని పిలిచిన చోటికి కూలిపనికి ఓడలెక్కినవాళ్లు ఎందరో. గుమాస్తాలు వాళ్ల పేర్లను తోచినట్టు రాసుకుని, పక్కన ఒక నంబరు వేశారు. తండ్రి పేరే ఇంటిపేరైపోయిన కుటుంబాలున్నాయి. తరాలు గడిచేసరికి చాలా ఇళ్లలో తెలుగు పోయింది, పేరు మిగిలింది. మారిషస్‌లో పుట్టి ఫ్రెంచిలో నవలలు రాసే నతాషా అప్పనా అలాంటి వలస తెలుగు కుటుంబపు బిడ్డే. 2003లో వచ్చిన ఆమె మొదటి నవల ఆ కూలీల ప్రయాణం గురించే. పుస్తకం అట్ట మీద ఆమె ఆ పేరు అలాగే ఉంచుకుంది.

మీ ఊరికి వచ్చినప్పుడు బుకిట్ పంజాంగ్ అంటే మలయ్‌లో పొడవాటి కొండ అని నువ్వే నాకు చెప్పావు. ఎల్ఆర్‌టీ రైల్లో తిప్పుతూ స్టేషన్ల పేర్లు చూపించి, ఫజర్ అంటే వేకువ, సెన్జా అంటే మునిమాపు అన్నావు. ఆ పేర్లు చైనా పిల్లలూ మన పిల్లలూ తడుముకోకుండా పలుకుతారు. చిన్నప్పటి నుంచీ విన్నారు కాబట్టి పలుకుతారు. నీ పేరూ విననీ. నవ్వినవాడికి నిదానంగా రెండోసారి చెప్పు, మూడోసారి కూడా చెప్పు. వాడి పేరుకు అర్థమేమిటో, ఎవరు పెట్టారో అడుగు. నువ్వు మాత్రం ఎవరి పేరునూ కత్తిరించి పిలవకు.

అయినా నీకు వద్దనిపిస్తే, ఇరవై ఒకటి నిండాక అమ్మానాన్నల సంతకం అక్కర్లేకుండా నువ్వే మార్చుకోవచ్చు. అప్పుడు నేనుంటే అడ్డు చెప్పను. ఎవరో నవ్వారని మాత్రం ఇప్పుడు మార్చకు.

డిసెంబరు సెలవులకు వస్తే మెట్లదారిన కొండెక్కుదాం. ఐసీ కాగితాలు నింపేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉన్నాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకో.

ఆశీస్సులతో,
మీ తాత