చవక ప్రయాణం: ఎవరి ఖర్చు?

"తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" అన్న సామెత మన ఇళ్ళల్లో ఇంకా చచ్చిపోలేదు. ఆడవాళ్ళ ప్రయాణానికి ఎప్పుడూ ఒక కారణం కావాలి. పురుడు, పెళ్ళి, చావు, మొక్కు, భర్త బదిలీ. కారణం లేకపోతే దాన్ని ప్రయాణం అనరు, తిరగడం అంటారు. అందుకే ఒక స్త్రీ తన జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో, వీపున ఒక సంచీతో, ఎవరినో చూడటానికి కాక ఊరికే చూడటానికి నాలుగు దేశాలు వెళ్ళొస్తానంటే అది చిన్న విషయం కాదు.

ఈ వీలు కల్పించింది చవకదనమే. ఆస్తులు ఎక్కువగా మగవాళ్ళ పేర్ల మీదే ఉన్న సమాజంలో ఖరీదైన ప్రయాణమంటే చాలామందికి తండ్రి డబ్బుతోనో భర్త డబ్బుతోనో చేసేదే. 1973లో టోనీ వీలర్, మౌరీన్ వీలర్ దంపతులు 'ఎక్రాస్ ఏషియా ఆన్ ది చీప్' అనే చిన్న పుస్తకం వేశారు. లోన్లీ ప్లానెట్ సంస్థ దానితోనే మొదలైంది. చవక అన్న మాట పుస్తకం పేరులోనే ఉంది. దాన్ని రాసిన ఇద్దరిలో ఒకరు స్త్రీ అన్న సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. తక్కువ డబ్బుతో దేశాలు చుట్టి రావడం అప్పట్నించీ ఒక స్వేచ్ఛా ప్రకటనలా చలామణీ అవుతూ వచ్చింది.

నా ప్రశ్న ఆ స్వేచ్ఛని కాదనడానికి కాదు. ఆ చవక ఎక్కణ్ణించి వస్తోంది? దాని బరువు ఎవరు మోస్తున్నారు?

మోయడం అన్న మాట ఊరికే వాడలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన కాశీయాత్రలో పల్లకీ ఉంది, దాన్ని మోసే బోయీలున్నారు, వెంట పరివారం ఉంది. ఆయన తిరిగిన ప్రతి మైలూ ఎవరి భుజాల మీద నడిచిందో చదివేవాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. వీపు సంచీ ప్రయాణం దీనికి పూర్తిగా భిన్నమైనదని మనం అనుకుంటాం. మన సామాను మనమే మోసుకుంటాం కదా! కానీ పక్క దుప్పటి మార్చిన చేతులు, మరుగుదొడ్డి కడిగిన చేతులు, తెల్లవారుజామున అన్నం వండిన చేతులు మన కంటపడవు. బోయీలు లేకుండా పోలేదు, కనిపించకుండా పోయారంతే.

మేం ముగ్గురు స్నేహితురాళ్ళం శ్రీలంక, మలేషియా, థాయిలాండ్, కంబోడియాలకి ఐదు వారాల ప్రయాణం అనుకుని లెక్కలు వేయడం మొదలుపెట్టినప్పుడు ముందు తెలిసొచ్చింది మా ఖర్చు సంగతే. గైడు పుస్తకాల్లో కనిపించే రోజువారీ ఖర్చు మగవాడి ఖర్చు. అతను రాత్రి బస్సెక్కితే ఒక పూట గది అద్దె మిగులుతుంది. తెలియని ఊళ్ళో అర్ధరాత్రి దిగడం ఇష్టం లేక మేం పగటి బస్సెక్కుతాం, అద్దె అదనం. అతనికి పన్నెండు మంచాల ఉమ్మడి గది సరిపోతుంది. మేం ఆడవాళ్ళకి మాత్రమే కేటాయించిన గది వెతుక్కుంటాం. అతను స్టేషన్ నుంచి నడిచి పోతాడు, మేం ఆటో ఎక్కుతాం. భయం కూడా ఒక పద్దే. ఏ బడ్జెట్ పుస్తకమూ దానికి ఒక గడి కేటాయించదు.

ఈ అదనపు ఖర్చుని పూడ్చుకోవడం ఎలా అని చూసినప్పుడే అసలు విషయం బయటపడింది. మా పట్టీలో విమానం టికెట్ ఉంది. దాని మీద బేరం లేదు. వీసా రుసుముల మీద బేరం లేదు. అంకోర్ ఆలయాలు చూడ్డానికి విదేశీయులకి ఒక రోజు టికెట్ 2017 నుంచి 37 డాలర్లు. అక్కడ కిటికీ ముందు నిలబడి ఎవరూ గీచి గీచి అడగరు. మరి తగ్గించుకోగలిగిన పద్దులేవి? గది అద్దె, భోజనం, బట్టలుతికే కూలి, కాళ్ళకి మర్దన, సంతలో బుట్టలమ్మే మనిషి చెప్పిన ధర. వీటిలో దాదాపు ప్రతి పద్దు వెనకా ఒక స్త్రీ నిలబడి ఉంది. అంటే బడ్జెట్ అనే కాగితంలో సాగేదీ, ముడుచుకునేదీ ఆడవాళ్ళ శ్రమ ఒక్కటే. మిగిలినవన్నీ రాతిలో చెక్కిన ధరలు.

ఇది మనకి కొత్త విద్యేమీ కాదు. పొదుపు ఇల్లాలి గుణమని చిన్నప్పటినించీ నేర్పారు. స్కూలు ఫీజు దగ్గర, పెట్రోలు దగ్గర, మందుల షాపులో నోరెత్తని ఇల్లు ఆకుకూర గంప దించిన మనిషి దగ్గర మాత్రం రెండు రూపాయల కోసం పావుగంట వాదిస్తుంది. మనకన్నా బలమైనవాళ్ళతో బేరం కుదరదు, బలహీనమైనవాళ్ళతోనే కుదురుతుంది. ఇంట్లో నేర్చుకున్న ఆ పాఠాన్నే సంచీలో పెట్టుకుని సముద్రాలు దాటుతున్నాం.

శ్రీలంక ఉదాహరణ చూద్దాం. కాండీ నుంచి ఎల్లా వరకు తేయాకు కొండల మధ్యగా వెళ్ళే రైలు ప్రయాణం లేకుండా ఇప్పుడు ఏ పర్యాటకుల జాబితా ఉండదు. టికెట్ చవక, దృశ్యం అపురూపం. ఆ దృశ్యంలో వీపున ఆకు సంచీతో వంగి నిలబడ్డ స్త్రీలు కూడా భాగమే. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ తమిళ జిల్లాల నుంచి తోటల పనికి తీసుకొచ్చిన కూలీల సంతతి వాళ్ళు. 1948 పౌరసత్వ చట్టం వాళ్ళలో అత్యధికుల్ని ఏ దేశానికీ చెందనివాళ్ళుగా చేసింది. ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా 2021లో రోజుకూలి వెయ్యి లంక రూపాయలయింది. మరుసటి ఏడాదే ఆర్థిక సంక్షోభం వచ్చింది. డాలరుకి రెండువందల దగ్గరున్న లంక రూపాయి కొద్ది నెలల్లోనే మూడువందల అరవై దాకా పడిపోయింది. ఐదు డాలర్ల కూలి మూడు డాలర్ల లోపుకి జారింది. ఆ పతనమే మనలాంటి వాళ్ళ భాషలో 'ఇప్పుడు శ్రీలంక చాలా చవక' అయింది. ఒకే సంఘటన ఒకరి ఆకలి, ఇంకొకరి అవకాశం.

థాయిలాండ్ చవకకీ ఒక చరిత్ర ఉంది. వియత్నాంలో పోరాడే అమెరికా సైనికుల విశ్రాంతి, వినోదాల కోసం 1967లో రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ వినోదం ఏమిటో, దానికి పల్లెల నుంచి ఎవరు తరలివచ్చారో చెప్పక్కర్లేదు. 1997 జులైలో బాత్ విలువ కూలిపోవడం మొదలైంది. డాలరుకి 25 దగ్గరున్నది ఆరు నెలలు తిరిగేసరికి 50 దాటింది. విదేశీ పర్యాటకులకి ప్రతి వస్తువూ సగం ధర. అంటే చవక ఉష్ణమండలానికి ఎండలాగా, కొబ్బరిచెట్టులాగా ప్రకృతి ఇచ్చిన లక్షణం కాదు. యుద్ధాలు, అప్పులు, కూలి రేట్లు కలిసి తయారుచేసింది.

ఆంటిగ్వా రచయిత్రి జమైకా కిన్‌కేడ్ 1988లో వచ్చిన 'ఎ స్మాల్ ప్లేస్'లో దీన్ని పర్యాటకుల మొహం మీదే అడిగింది. స్థానికులకీ తమ విసుగు జీవితం వదిలి ఎక్కడికైనా వెళ్ళాలని ఉంటుంది, కానీ వెళ్ళడానికి డబ్బుండదు అన్నది ఆమె వాదన సారం. 1989లో సింథియా ఎన్లో 'బనానాస్, బీచెస్ అండ్ బేసెస్'లో పర్యాటకాన్ని అంతర్జాతీయ రాజకీయంగా, అందులోనూ స్త్రీల శ్రమ ప్రశ్నగా చదివి చూపించింది. ఇద్దరి చూపులోనూ పర్యాటకులంటే ప్రధానంగా తెల్లవాళ్ళు. మరి మనం ఎవరం?

మన స్థానం తిన్నగా లేదు. 2023 చివర్లో థాయిలాండ్, మలేషియా భారతీయులకి వీసా మినహాయింపు ప్రకటించే దాకా ఈ పాస్‌పోర్టుతో బ్యాంకు కాగితాలు, తిరుగు టికెట్ పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళమే. పైగా ఈ దారులు మనవాళ్ళకి కొత్త కాదు. ఉత్తరాంధ్ర నుంచి రంగం వెళ్ళిన వాళ్ళూ, మలయా తోటలకి వెళ్ళిన వాళ్ళూ ఇదే సముద్రం దాటారు. మేం మలేషియాలో దిగాలనుకున్న పినాంగ్, అప్పట్లో కూలీల ఓడలు ఆగిన రేవు. పెరాక్ తోటల్లో తెలుగు కుటుంబాలు తరాలపాటు బతికాయి. ఓడ డెక్కు మీద మూటలతో పడుకుని వెళ్ళిన ఆ స్త్రీలదీ చవక ప్రయాణమే, కాకపోతే ఆ చవక వాళ్ళ కోసం కాదు. వాళ్ళని కొన్నవాళ్ళ కోసం. ఈ రోజు మన చేతిలో రూపాయి కాస్త బలంగా ఉన్న దేశంలో మనం కొనేవాళ్ళ వైపు నిలబడి ఉన్నాం. అణచివేతకి గురైన చరిత్ర మనకి ఉన్నంత మాత్రాన ఆ వైపు నిలబడటం మారిపోదు.

"మీరు వెళ్తేనే కదా వాళ్ళకి నాలుగు డబ్బులు" అంటారు. నిజమే. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు పర్యాటకం మీద బతికే ఊళ్ళు ఎంత విలవిల్లాడాయో చూశాం. వెళ్ళకుండా ఇంట్లో కూచోవడం ఎవరికీ న్యాయం చేయదు. అది సామెత చెప్పినట్టు నడుచుకోవడమే అవుతుంది. అపరాధభావం కూడా పనికిరాదు. దానివల్ల మన మనసు బరువెక్కుతుందేమో గానీ ఆమె కూలి పెరగదు.

'ఇంటి వాతావరణం' ఉన్న హోమ్‌స్టేల్లో దిగండి, డబ్బు నేరుగా కుటుంబానికే చేరుతుంది అని ఇంకొక సలహా. ఇక్కడొక మెలిక ఉంది. ఆ ఇంటి వాతావరణం తయారుచేసేది ఎవరు? అత్తో, కోడలో, బడి మానేసిన కూతురో. జీతం లేని చాకిరీ కాబట్టే అది హోటలుకన్నా చవక. ఇంటిపని శ్రమ అని ఇన్నేళ్ళుగా రాస్తూ వచ్చిన మనం, అదే శ్రమ అతిథి మర్యాద పేరుతో అమ్మకానికి వస్తే ముచ్చటపడి కొనుక్కోలేం. కనీసం డబ్బు ఎవరి చేతిలో పెడుతున్నామో చూడాలి.

అందుకే బడ్జెట్‌ని రెండు భాగాలుగా రాసుకోవాలంటాను. మనకన్నా బలమైనవాళ్ళు నిర్ణయించే ధరలు ఒకవైపు, మనకన్నా బలహీనులు చెప్పే ధరలు ఇంకోవైపు. కోత మొదటి వైపే పడాలి. అక్కడ బేరం కుదరదు కాబట్టి కోత అంటే వదులుకోవడమే. నాలుగు దేశాలు రెండవ్వాలి, మూడు విమానాలు ఒకటవ్వాలి, ఒకే ఊళ్ళో ఎక్కువ రోజులుండాలి. రెండో వైపు కోత లేదు. మా పట్టీలో థాయిలాండ్, కంబోడియా అలాగే పోయాయి. అంకోర్ చూడాలన్న కోరిక నాకు చాలా పాతది, దాన్ని కొట్టేసినప్పుడు బాధే వేసింది. అయినా ఐదు వారాల్లో నాలుగు దేశాలు అన్న లెక్క రెండో వైపుని పిండకుండా కుదిరేది కాదు.

దీనివల్ల ఎల్లా కొండల మీది స్త్రీ జీవితం మారుతుందని చెప్పడం లేదు. ఆమెకి కావలసింది మన బక్షీసు కాదు, బతకడానికి సరిపోయే కూలి, సొంత ఇల్లు, జీతంతో కూడిన సెలవు. ఆ సెలవులో కారణం చెప్పకుండా అదే రైలెక్కి ఎక్కడికైనా వెళ్ళే హక్కు. తిరిగే హక్కు గురించి మనం రాసేదాంట్లో ఆ డిమాండ్లు కూడా ఉండాలి. అవి లేకుండా మనం స్వేచ్ఛ అంటున్నది ఒక రాయితీ టికెట్ మాత్రమే.