గొంతు వణికితే వణకనీ



నీ ఉత్తరం అందింది. క్లాసులో గురజాడవారి గేయం ‘పూర్ణమ్మ’ చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోతుందేమో, పిల్లల ముందు పలచనైపోతానేమో అని భయపడుతున్నావు. ఎందుకమ్మా భయం? గొంతు వణికితే వణకనీ. కావాలని మాత్రం వణికించకు. తెచ్చిపెట్టుకున్న దుఃఖాన్ని పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఆ తర్వాత నువ్వేం చెప్పినా నమ్మరు.

ముందు ఇంట్లో ఒక్కదానివే పైకి చదువుకో. డబ్బు కోసం ముసలివాడికి కట్టబెట్టిన ఆ చిన్నపిల్ల పూర్ణమ్మ, అత్తారింటికి పంపే వేళ అన్నదమ్ములతో చెప్పుకునే మాటల దగ్గర ఆగు. వాళ్ళకు పుట్టే బిడ్డల్లో ఒకదానికి తన పేరు పెట్టమంటుంది. కాపురానికి వెళ్ళే పిల్ల అడగాల్సిన కోరికేనా అది? తాను చెరువుకు వెళ్తే ఇక తిరిగి రానని ఆ పిల్లకు తెలుసు, ఎదురుగా ఉన్నవాళ్ళకు తెలియదు. నాకైతే పాఠానికి ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. క్లాసులో కూడా అక్కడే ఆగు. ఆ వెంటనే ‘ఇందులో నీతి ఏమిటి?’ అని అడగొద్దు. ప్రశ్నలు, జవాబులు మర్నాడు చూసుకోవచ్చు.

ఇదంతా కట్టుకథ అనుకునే పిల్లలుంటారు. వాళ్ళకు ‘కన్యాశుల్కం’ నాటకం మొదటి ముద్రణకు గురజాడవారు రాసుకున్న ముందుమాట సంగతి చెప్పు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్క వివాహాల, అంటే పిల్లకు డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ, జాబితా ఒకటి విజయనగరం మహారాజు తయారు చేయించారు. మొత్తం 1,034. వాటిలో పెళ్ళికూతురికి అయిదేళ్ళున్నవి 99, నాలుగేళ్ళున్నవి 44, మూడేళ్ళున్నవి 36, రెండేళ్ళున్నవి 6. ఏడాది పసికందులు ముగ్గురు. ఈ అంకెలు బోర్డు మీద ఒక్కొక్కటే రాయి. వాళ్ళ ఇళ్ళలోనూ ఆ వయసు చెల్లెళ్ళుంటారు కదా, నువ్వు వేరే వ్యాఖ్యానం చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. నువ్వు మనసు పెట్టి చెబితే ఎవరో ఒక పిల్ల బెల్లు కొట్టాక కూడా బల్ల దగ్గరే తచ్చాడవచ్చు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని చెప్పవచ్చు. అప్పుడు స్టాఫ్ రూముకు వెళ్ళే తొందర పెట్టుకోకు. పాఠం చెబుతూ కంటతడి పెట్టి, ఆ పిల్లను మాత్రం పట్టించుకోకుండా వెళ్ళిపోతే ఆ కంటతడి అబద్ధమే తల్లీ. 2006 నాటి బాల్యవివాహాల నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చేయడం నేరమని చెప్పు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చని చెప్పు. హెడ్‌మాస్టరుగారికి వెంటనే తెలియజెయ్యి. ఇంటి పెద్దలతో మాట్లాడటానికి తోడు కావాలంటే కబురు పెట్టు, పొద్దున బస్సుకే బయల్దేరి వస్తాను.

మీ పెద్దమ్మ