మృతుల లెక్కలో గృహిణి

మహమ్మారిచే మరణించినవారివలన దేశమునకు గలిగిన ధననష్టమింత యని లెక్కించుట క్రూరకృత్యమని కొందఱు తలచుచున్నారు. ప్రాణమునకు వెల గట్టవచ్చునా యని వారి ప్రశ్నము. మేమట్లు తలపము. 17వ శతాబ్దమున విలియం పెట్టీ యను నాంగ్లేయుడు తన దేశపు 60 లక్షల జనుల విలువను 41 కోట్ల 70 లక్షల పౌనులుగా గణించి, తలకు 69 పౌనుల చొప్పున, ప్లేగువలన లక్షమంది పోయినచో దాదాపు 70 లక్షల పౌనుల నష్టమని చూపెను. అంత నష్టమును వారించుటకు రాజ్యము కొంత ధనము వెచ్చింపరాదా యని యాతని వాదము. ప్రాణమమూల్యమని పలుకుచు, దానిని గాపాడుటకు దమ్మిడీ విడువని ప్రభువులకంటె నీ లెక్కరియే మేలు.

మా యాక్షేపణము వేఱు. పెట్టీ తన మొత్తమును జనులందఱికిని సమముగా బంచెను. 1853లో విలియం ఫార్ కూలివాని రాబడినుండి వాని పోషణవ్యయమును దీసివేసి విలువ గట్టెను. అర్థశాస్త్రజ్ఞులలో జాలమంది యీ త్రోవనే నడచిరి. కూలి తెచ్చువాడు లెక్కకు వచ్చెను. కూలి లేని చాకిరి చేయునది రాలేదు. 1918వ సంవత్సరపు ఇన్‌ఫ్లుయెంజా జ్వరము మన దేశమున కోటికి మించిన జనమును బొట్టన బెట్టుకొనెను. నడియీడువారే విశేషముగ గూలిరి. పురుషులకంటె స్త్రీల మరణములు హెచ్చు. థియొడోర్ షుల్ట్జ్ 1964లో బ్రకటించిన గ్రంథమున, ఆ మరణములవలన విత్తిన భూమి విస్తీర్ణము తగ్గెనని చూపెను. తగ్గిన యెకరములకు లెక్క దొరకినది. తల్లిలేని పసిబిడ్డకు బాలెవరు పోసిరో, మంచమెక్కిన మామకు గంజి యెవరు కాచిరో యే పట్టికలో నున్నది?

"మీ యింటివారేమి చేయుదు"రని యడిగినచో "ఏమియు లేదు, ఇంటనే యుందు"రని చెప్పువారు చదువుకొన్నవారిలో దక్కువా? 2019లో గేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనములో, ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. 2021 జనవరిలో సర్వోన్నత న్యాయస్థానమున, తెలుగువారగు న్యాయమూర్తి ఎన్. వి. రమణగారు ఈ యంకెలనే చూపి, వాహనప్రమాదమున మృతినొందిన గృహిణికిని ఆదాయము కల్పించి పరిహారము గట్టుట న్యాయమని వ్రాసిరి.

ఆ యేడే కోవిడ్ మృతుల కుటుంబములకు దలకు 50,000 రూపాయలు నిర్ణయింపబడెను. ఉద్యోగి, కూలి, గృహిణి యను భేదము లేకుండుట మాకు సమ్మతమే. కాని మరణపత్రమే లేనివారి కా సమత్వమెట్లు దక్కును? మన దేశమున బురుషుల మరణములకంటె స్త్రీల మరణములు తక్కువగా నమోదగుచున్నవి. ఆస్తియు, బ్యాంకు ఖాతాయు లేనిదాని మరణమును వ్రాయించుటకు దొందరపడు వారెవరు? 21 దినములలోపల దెలిపినచో నందుకు రుసుమైన లేదు.