చలికాలపు పగలు నిజంగా చిన్నదేనా?

"చలికాలం పొద్దు చిన్నది, పనులు తెమలడం లేదు" అని మనం వాపోతుంటాము. నిజానికి కర్నూలులో జూన్ పగటికన్నా డిసెంబరు పగటికి తగ్గేది రెండు గంటల లోపే. పైగా సూర్యోదయం దాదాపు గంట ఆలస్యం. కనుక ఫజ్ర్ నమాజుకు లేవడం వేసవికన్నా సులువు కావాలి. అయినా మస్జిదులో వరుసలు పలుచబడుతున్నాయి. ఎందుకని? ఇషా తర్వాత ముచ్చట్లను దైవప్రవక్త (సఅసం) ఇష్టపడేవారు కాదు. మనమేమో అర్ధరాత్రి దాకా సెల్‌ఫోను వదలము.

తన సమాజానికి ఉదయపు వేళలో శుభం ప్రసాదించమని ఆయన అల్లాహ్‌ను వేడుకున్నారు. ఆ హదీసును ఉల్లేఖించిన సఖ్ర్ (రజి) ఒక వర్తకులు. సరుకును పొద్దున్నే పంపేవారు, సంపన్నులయ్యారు. మన కడప పల్లెల్లో శనగను చేత్తో పీకే కూలీలూ మంచు ఆరకముందే చేలో ఉంటారు. ఎండెక్కితే కాయలు రాలిపోతాయి మరి!

రమజానులో తప్పిన రోజాలు ఇంకా బాకీ ఉన్నవారికి ఈ చిన్న పగళ్ళే అనువైనవి.