చేయి చాచుట చిన్నతనమా?

వ్యాధి దేహమునకు వచ్చును; ఒంటరితనము దానిని వెన్నంటి వచ్చును. జ్వరము వచ్చినవాడు పదిమందికి చెప్పుకొనును. క్యాన్సరు వచ్చినవాడు ఇంటివారికి చెప్పుటకు సైతము సంకోచించును. అది అంటువ్యాధి కాదు. అయినను రోగి త్రాగిన గ్లాసును వేరుగా నుంచు ఇండ్లు నేటికిని లేకపోలేదు. కుమార్తె పెండ్లి చెడునేమోయని తన వ్యాధిని దాచుకొను తల్లులును కలరు.

హైదరాబాదులోని యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ ప్రాంతములలో చలనచిత్ర పరిశ్రమను నమ్ముకొని జీవించువారు అనేకులు. ఎగువన జూబిలీహిల్స్ భవనములు. దిగువన అద్దె గదులు. దీపములు మోయువానికైనను, గుంపులో నిలుచు నటికైనను పిలుపు వచ్చిన దినమే కూలి. రోగమను మాట బయటికి పొక్కినచో మరునాడు పిలుపు రాదేమోయని వారు వెరచుట సహజము. కావున రోగి మౌనమును ధైర్యమని మెచ్చుకొనుటకు తొందరపడరాదు. పలుమారులు అది బ్రతుకుతెరువును గూర్చిన భయమే.

ఆ పరిసరములలోనే 2013 అక్టోబరులో అక్కినేని నాగేశ్వరరావు పత్రికలవారిని పిలిచి, తనకు క్యాన్సరు వచ్చినదని స్వయముగా వెల్లడించిరి. 1954 నాటి 'విప్రనారాయణ' చిత్రమున తొండరడిప్పొడి ఆళ్వారుగా కనిపించిన ఆ నటుని వైష్ణవ గృహములు మరువలేదు. దాచుకొనుటకు ఆయనకు సకల సౌకర్యములును ఉండెను. దాచలేదు, ప్రజల ఆశీస్సులు కోరిరి. కుమారునితోను మనుమలతోను నటించిన 'మనం' చిత్రమునకు ఇంటనుండియే గళమిచ్చి, 2014 జనవరి 22న దివంగతులైరి. చిత్రము మే 23న విడుదలయ్యెను.

కీర్తిమంతునకు చెల్లినది కూలివానికి చెల్లునా? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. అయితే ఊరందరికి చాటనక్కరలేదు; నమ్మదగిన ఒక్కరికైనను చెప్పవలెను.

చెప్పుకొనుటవలన ఆయువు పెరుగునా? 1989లో అమెరికా వైద్యుడు డేవిడ్ స్పీగెల్, రొమ్ము క్యాన్సరు ముదిరిన 86 మంది స్త్రీలపై జరిపిన పరిశోధనను ప్రకటించెను. వారమువారము కూడి మనసు విప్పి మాట్లాడుకొన్నవారు తక్కినవారికంటె రమారమి రెట్టింపు కాలము జీవించిరని అందు తేలెను. లోకము సంతోషించెను. 2001లో కెనడాకు చెందిన పమేలా గుడ్విన్ బృందము 235 మందిని పరిశీలింపగా ఆయువు పెరిగినట్లు కానరాలేదు. కాని మనోవేదనయు, నొప్పి బాధయు తగ్గినవి. ఆయువు పెరుగనిచో ఆ తోడు వ్యర్థమగునా? తల్లి బిడ్డ ప్రక్కన కూర్చుండుట జ్వరము దిగుటకు కాదుగదా! 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్ ఆశ్రయమును నెలకొల్పిన సిసిలీ సాండర్స్, రోగి నొప్పిలో దేహము, మనస్సు, సంసారము, ఆత్మ నాలుగును కలిసియుండునని బోధించెను. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియందును అట్టి ఉపశమన సేవ కలదు.

ఇక అడుగుటకు సిగ్గేల? శరణాగతికి ఆరు అంగములు చెప్పబడినవి. అందు కార్పణ్యము, అనగా తన అశక్తతను ఒప్పుకొనుట, ఒకటి. రక్షింపుమని కోరు గోప్తృత్వవరణము మరియొకటి. సర్వజ్ఞుడైన భగవంతునకు తెలియనిదేమి? అయినను కోరుమనియే పెద్దలు విధించిరి. సర్వజ్ఞుని యెదుటనే ఇట్లుండగా, పొరుగింటివానికి చెప్పనిదే ఎట్లు తెలియును?

వచ్చువారికిని ఒక మాట. పూర్వజన్మ కర్మమని వివరించుటకు వచ్చువాడు రాకున్ననే మేలు. తెలియని మూలికలు తెచ్చువాడును అంతే. రేడియేషను చికిత్స సాధారణముగా వారమునకు ఐదు దినముల చొప్పున కొన్ని వారములు సాగును. ఇంటనుండి ఒక్కరే అన్నిమారులు తోడు పోజాలరు. సోమవారము తమ్ముడు, మంగళవారము ప్రక్క గది కుర్రవాడు, బుధవారము ఆ దినమున షూటింగు లేని మిత్రుడు. తిరిగి వచ్చుసరికి, ఏది సయించునో అడిగి వండిన కాస్త మెత్తని అన్నము.